స్కాన్ చేసిన గీతల బొమ్మలను వెక్టరుగా మార్చడం: గీతలు జంటలవుతున్నాయి, చుక్కలు మాయమవుతున్నాయి

ప్రశ్న: అరండల్‌పేట డీటీపీ

అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో చిన్న డీటీపీ సెంటరు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు మా రోజువారీ పని. బొమ్మల పని పెద్దగా చేసినవాడిని కాను. రెండు వారాల కిందట విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకులు ఒకరు, తరగతిలో చూపించడానికి ఏళ్ల తరబడి ఇండియన్ ఇంకుతో తామే గీసుకున్న 86 బొమ్మలను అట్టపెట్టెలో సర్ది మా దగ్గరికి తెచ్చారు. వాటిని పుస్తకంగా అచ్చు వేయించాలని, అందులో ఆరింటిని తాము పనిచేసిన కళాశాల ప్రయోగశాల గోడకు పెద్దవిగా, అక్రిలిక్ షీటు మీద లేజరుతో చెక్కించి పెట్టాలని ఆయన కోరిక. ఎంత పెద్దవి చేసినా గీత అంచు పళ్లు పళ్లుగా కనిపించకూడదంటే వెక్టరుగా, అంటే పిక్సెళ్లుగా కాక గణిత వంపులుగా దాచే బొమ్మగా, మార్చక తప్పదని నేనే చెప్పి పని ఒప్పుకున్నాను. అందులోని కష్టం ఒప్పుకున్నాక గానీ తెలియలేదు.

మిరప పువ్వు నిలువుకోత, దాని పుష్పచిత్రం (పువ్వు భాగాల అమరికను పైనుంచి చూసినట్టు చూపే పటం), మందార, పత్తి కాయ అడ్డుకోత వంటివి ఆ బొమ్మలు. సన్నని గీతలన్నీ 0.25 మిల్లీమీటర్ల పెన్నుతో గీసినవి. నీడ ఉండవలసిన చోట గీతలు కాకుండా దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టారు. కాగితాలు పసుపెక్కాయి, కొన్నింటి మీద తేమ మరకలు కూడా ఉన్నాయి. భాగాల పేర్లు ఆయన చేతిరాతతోనే ఉన్నాయి.

నేను వాటిని 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) స్కాన్ చేసి, జేపెగ్‌గా దాచి, ఇంక్‌స్కేప్ అనే వెక్టరు సాఫ్ట్‌వేరులో బొమ్మను వంపులుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్‌కు ఇచ్చాను. గీతల బొమ్మ కదా అని మొదట ఎడ్జ్ డిటెక్షన్ ఎంచుకుంటే ప్రతి గీతా రెండు గీతలై, పువ్వు కాడ రైలు పట్టాల్లా వచ్చింది. తరువాత, ఒక హద్దు కన్నా ముదురుగా ఉన్నదంతా నలుపుగా తీసుకునే బ్రైట్‌నెస్ కటాఫ్ పెడితే గీతలు కుదిరాయి కానీ బొమ్మ చుట్టూ మసి చల్లినట్టు మచ్చలు పడ్డాయి. ఆ మచ్చలు పోవాలని, చిన్న మచ్చలను తుడిచే స్పెకిల్స్ విలువను 2 నుంచి 25కు పెంచితే మచ్చలతోపాటు నీడ చుక్కలు కూడా మొత్తం పోయి, గుండ్రంగా కనిపించవలసిన కాయ పలకమీద గీసిన సున్నాలా మిగిలింది. పేర్లలోని ఒత్తులు పూడుకుపోయి అక్షరాలు నల్లటి ముద్దలయ్యాయి. చివరికి అన్నింటినీ కలిపి ఒక్కటి చేద్దామని కంట్రోల్, ఎల్ నొక్కితే బొమ్మ మైనంలా కరిగింది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో, 86 బొమ్మలకూ పనికివచ్చే పద్ధతి ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: బ్రాడీపేట బొమ్మల బల్ల

మీ ఊరిలోనే, బ్రాడీపేటలో, పాఠ్యపుస్తకాలకు బొమ్మలు సిద్ధం చేసే పని చేస్తుంటాను అండీ. మీరు చెప్పిన తప్పులన్నీ నేనూ చేసినవే కాబట్టి వరుసగా కారణాలు చెబుతాను.

ఎడ్జ్ డిటెక్షన్ అనే పేరు చాలామందిని మోసం చేస్తుంది. అది గీతను వెతకదు, నలుపూ తెలుపూ కలిసే అంచును వెతుకుతుంది. ఒక గీతకు అటూ ఇటూ రెండు అంచులుంటాయి కాబట్టి మీకు రైలు పట్టాలు వచ్చాయి. అది ఫొటోలకు పనికివస్తుందేమో గానీ ఇంకు బొమ్మలకు పనికిరాదు. మీరు రెండోసారి ఎంచుకున్న బ్రైట్‌నెస్ కటాఫే పుస్తకానికి సరైన దారి. ఇంక్‌స్కేప్‌లో దాని వెనక పనిచేసేది పీటర్ సెలింజర్ రాసిన పోట్రేస్ అనే ప్రోగ్రాము. అది నల్లటి ప్రాంతపు పొలిమేరను మొదట బహుభుజిగా పట్టుకొని, తరువాత ఆ బహుభుజిని బెజియర్ అనే నున్నని వంపులుగా మారుస్తుంది. అంటే మీ గీత ఇక్కడ గీతగా ఉండదు, గీత ఆకారంలో నల్లరంగు నింపిన ఒక సన్నని బొమ్మగా ఉంటుంది. మాస్టారి పెన్ను ఎక్కడ ఒత్తిందో ఎక్కడ తేలిందో ఆ తేడా నిలిచేది కూడా అందువల్లే. లేజరుకు ఇదే అడ్డం పడుతుంది, కానీ ఆ సంగతి ఆ పని చేసేవారు చెబితే బాగుంటుంది.

ఇక చుక్కలు ఎందుకు పోయాయో లెక్క వేసి చూడండి. 300 డీపీఐ అంటే మిల్లీమీటరుకు సుమారు 12 పిక్సెళ్లు. 0.25 మిల్లీమీటర్ల గీత మీ స్కానులో మూడే పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, 0.3 మిల్లీమీటర్ల చుక్క వైశాల్యం దాదాపు 10 పిక్సెళ్లు. స్పెకిల్స్ విలువ 25 అంటే అంత వైశాల్యం వరకు ఉన్న ప్రతి మచ్చనూ తుడిచెయ్యమని చెప్పినట్టే. యంత్రానికి దుమ్మేదో నీడేదో తెలియదు కదా, రెండింటినీ ఊడ్చేసింది. అదే 600 డీపీఐలో స్కాన్ చేస్తే గీత ఆరు పిక్సెళ్లకు, చుక్క దాదాపు 39 పిక్సెళ్ల వైశాల్యానికి పెరుగుతుంది. అప్పుడు స్పెకిల్స్ విలువను 10 దగ్గర ఉంచితే చిన్న దుమ్ము పోతుంది, చుక్క నిలుస్తుంది. కాబట్టి పెట్టెలోని కాగితాలన్నీ మళ్లీ స్కాన్ చేయక తప్పదు. ఏ4 కాగితం 600 డీపీఐ గ్రేస్కేల్‌లో 4960 × 7016 పిక్సెళ్లు, అంటే 35 ఎంబీ దాకా వస్తుంది, దానికి భయపడకండి.

మీరు చెప్పిన మసి మచ్చలు కాగితం మీది దుమ్ము కాకపోవచ్చునని నా అనుమానం. మచ్చలు ఖాళీ జాగాలో ఎక్కడపడితే అక్కడ ఉంటే దుమ్మే, అద్దం తుడవండి. గీతలను అంటిపెట్టుకొని ఉంటే మాత్రం అది జేపెగ్ పని. జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి నల్లటి గీత పక్కనున్న తెలుపులో బూడిదరంగు నలుసులు పుడతాయి, మీరు కటాఫ్ పెట్టగానే అవి నల్లబడతాయి. టిఫ్‌గా గానీ పీఎన్‌జీగా గానీ దాచండి. ఫోనుతో తీసి పంపుకొనే అలవాటు ఈ పనికి అసలు పనికిరాదు.

స్కానరులో నలుపు తెలుపు అనే ఎంపిక కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకండి. ఏది నలుపో ఏది తెలుపో నిర్ణయించే హక్కు స్కానరుకు ఇచ్చేస్తే తరువాత మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. మీ కాగితాలు పసుపెక్కాయి కాబట్టి ఈసారికి రంగులోనే స్కాన్ చేసి, గింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేరులో డీకంపోజ్ ద్వారా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలను విడదీసి, ఎరుపు పొరను మాత్రం తీసుకోండి. పసుపు, గోధుమరంగు మరకలు ఎరుపు పొరలో దాదాపు తెల్లగా మారతాయి, ఇంకు నల్లగానే ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక పాత బొమ్మలో తేమ మరక సరిగ్గా అండాశయం మీదే పడింది. గ్రేస్కేల్‌లో ఎంత కుస్తీ పట్టినా లోపలి అండాలు కనపడలేదు, ఎరుపు పొర తెరవగానే మరక లేదు, అండాలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. అయితే మాస్టారు నీలం పెన్సిలుతో ముందుగా చిత్తుగీతలు గీసుకొని ఉంటే ఎరుపు పొరలో అవి ఇంకా నల్లగా బయటపడతాయి, అటువంటి కాగితాలకు నీలం పొర చూడండి. వెనకవైపు బొమ్మ ముందుకు కనిపిస్తుంటే కాగితం వెనక నల్లటి అట్ట పెట్టి స్కాన్ చేస్తే అది అణుగుతుంది.

ఆ తరువాత గింప్‌లోనే బొమ్మను రెండింతలకు పెంచి, థ్రెషోల్డ్ (నలుపు తెలుపుల హద్దు) తెరిచి, ఏ ఛాయలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటంలో కనిపించే రెండు గుట్టల మధ్య లోయలో గుర్తు నిలపండి. పెద్ద గుట్ట కాగితం, చిన్నది ఇంకు. రెండింతలు చేశారు కాబట్టి చుక్క వైశాల్యం నాలుగింతలైందని మరచిపోకుండా స్పెకిల్స్‌ను కూడా ఆ లెక్కన మార్చుకోండి. పోట్రేస్‌తోపాటు వచ్చే ఎంకేబిట్‌మ్యాప్ అనే చిన్న సాధనం ఈ పెంపకం, కాగితపు నీడ తొలగింపు, కటాఫ్ అన్నీ ఒకేసారి చేస్తుంది. 86 బొమ్మలను వరుసగా నడపాలంటే అదే సుఖం. అయినా మొదటి నాలుగైదు బొమ్మలను చేత్తో చేసి, విలువలు కుదిరాక గానీ వరుసలో పెట్టకండి.

చేతిరాత పేర్లను ట్రేస్ చేయవద్దు. ట్రేస్ చేసేముందే వాటిని తెల్లరంగుతో చెరిపి, ఇంక్‌స్కేప్‌లో వేరే లేయరులో యూనికోడ్ ఫాంటుతో టైపు చేయండి, సూచన గీతలను కూడా పెన్ టూలుతో కొత్తగా గీయండి. రేపు పుస్తకంలో ఒక పేరు మార్చాలంటే బొమ్మను కదిలించే పని ఉండదు.

బొమ్మ కరిగిన సంగతికి మీ తప్పేమీ లేదు, అది అలవాటు తెచ్చిన తంటా. కోరల్‌డ్రాలో కంట్రోల్, ఎల్ అంటే కలపడం. ఇంక్‌స్కేప్‌లో అదే మీట సింప్లిఫై, అంటే వంపును పట్టి ఉంచే బిందువులను, అదే నోడ్లను, తగ్గించడం. వెంటవెంటనే నొక్కినకొద్దీ దాని బలం పెరుగుతుంది కూడా. ఇంక్‌స్కేప్‌లో కలపడానికి కంట్రోల్, కె నొక్కాలి, కోరల్‌లో ఆ మీట విడగొడుతుంది. నోడ్లు ఎక్కువయ్యాయనిపిస్తే సింప్లిఫై జోలికి పోకుండా ట్రేస్ పెట్టెలోని ఆప్టిమైజ్ విలువను 0.2 నుంచి కొంచెం పెంచి మళ్లీ ట్రేస్ చేయండి. స్మూత్ కార్నర్స్ 1 దగ్గరే ఉండనివ్వండి. దాన్ని చివరిదాకా జరిపితే ముళ్ల మొనలు, ఆకు అంచు పళ్లు గుండ్రబడతాయి, వృక్షశాస్త్రంలో అది చిన్న తప్పు కాదు.

జవాబు: గవర్నర్‌పేట ప్లేటు మేకర్

పైన ఆమె చెప్పిన పద్ధతిలో వంక పెట్టడానికేమీ లేదు కానీ, విజయవాడలో ఆఫ్‌సెట్ అచ్చుకు ప్లేట్లు చేసే పనిలో తల నెరిసినవాడిగా నాకొక అభ్యంతరం ఉంది. పుస్తకానికి ఈ బొమ్మలను అసలు వెక్టరు చేయడమెందుకు? పుస్తకంలో బొమ్మ గీసిన సైజులోనో, ఇంకా చిన్నదిగానో పడుతుంది. 1200 డీపీఐలో, ఒకే బిట్ లోతున్న (ప్రతి పిక్సెలూ నలుపో తెలుపో మాత్రమే అయ్యే) టిఫ్‌గా, గ్రూప్ 4 కుదింపుతో ఇస్తే ఆఫ్‌సెట్ ప్లేటు మీద దాని అంచును భూతద్దం పెట్టి చూసినా వెక్టరుకూ దానికీ తేడా చెప్పలేరు. ఆ కుదింపులో జేపెగ్‌లా ఏమీ నష్టపోదు, ఫైలు కూడా చిన్నదే. బొమ్మ మొత్తం ఒకే నలుపు కాబట్టి దానిమీద స్క్రీన్ చుక్క (బూడిదరంగును అచ్చులో చూపడానికి వేసే సన్నని చుక్క) పడదు. గ్రేస్కేల్‌గానే పంపితే మాత్రం గీత అంచుల్లోని బూడిదరంగు కాస్తా స్క్రీన్ చుక్కలుగా విరిగి గీత నూగు నూగుగా అచ్చవుతుంది. అది చూసి చాలామంది వెక్టరు కాకపోవడం వల్లే ఇలా వచ్చిందనుకుంటారు.

ఇంకొక మాట. చుక్కల నీడ ఉన్న బొమ్మను వెక్టరు చేస్తే ఒక్కో చుక్కా ఒక మూసిన వంపవుతుంది. ఒక కాయ మీద వెయ్యి చుక్కలుంటే నాలుగైదు వేల నోడ్లు. ఇప్పటి యంత్రాలు మింగుతాయి గానీ, వెనకటి ఫిల్ము యంత్రాల్లో ఇలాంటి బొమ్మ వచ్చిందంటే లిమిట్‌చెక్ అని సందేశం వేసి పని ఆగిపోయేది. ఆ యంత్రాలకు పేజీని వివరించే భాష పోస్ట్‌స్క్రిప్ట్, దాని మొదటి తరంలో ఒక దారికి 1500 బిందువులు దాటకూడదు. జింకు లైను బ్లాకుల కాలం నుంచీ గీతల బొమ్మకు కావలసింది ఒక్కటే: నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా ఉండటం. గోడకు పెట్టే ఆరు బొమ్మలకు వెక్టరు కావాలి, ఒప్పుకుంటాను. 600 డీపీఐ బొమ్మను నాలుగింతలు చేస్తే అది 150 డీపీఐ అయి మెట్లు కనిపిస్తాయి. మిగతా ఎనభైకి ఆ శ్రమ మీకూ, ఆ ఖర్చు ఆయనకూ దండగ.

జవాబు: ఆటోనగర్ కటింగ్

నమస్కారం. లారీల స్టిక్కర్లు, అక్రిలిక్ బోర్డులు కోసే పని మాది, విజయవాడ ఆటోనగర్. ఆ ఆరు బొమ్మల గురించే చెబుతాను.

లేజరుకు రెండు నడకలున్నాయి. ఒకటి ప్రింటరులా అటూ ఇటూ తిరుగుతూ నల్లగా ఉన్నచోటనల్లా చెక్కడం. దీనికి పైన బ్రాడీపేట ఆమె చెప్పిన నింపుడు బొమ్మే సరిపోతుంది, గీత లావు, చుక్కలు అన్నీ వస్తాయి, కాకపోతే రెండడుగుల బొమ్మకు చాలాసేపు పడుతుంది. రెండోది దారి వెంట నడవడం. దీనికి నింపుడు బొమ్మ ఇచ్చారంటే లేజరు గీతకు ఆ అంచున ఒకసారి, ఈ అంచున ఒకసారి నడిచి మీ రైలు పట్టాలను మళ్లీ తెచ్చిపెడుతుంది. దారి వెంట నడిపించాలంటే గీత నడిమి దారి కావాలి. ఇంక్‌స్కేప్ 1.0 నుంచి ట్రేస్ బిట్‌మ్యాప్‌లో సెంటర్‌లైన్ ట్రేసింగ్ ఉంది, కోరల్‌డ్రాలో సెంటర్‌లైన్ ట్రేస్ కింద టెక్నికల్ ఇలస్ట్రేషన్ ఉంది.

అయితే నడిమి దారిలో గీతలన్నీ ఒకే లావవుతాయి. రెండు గీతలు అడ్డంగా దాటే చోట గుణకారం గుర్తు రాకుండా, రెండు వై ఆకారాలు ఒక చిన్న ముక్కతో కలిసినట్టు వస్తుంది. లావు గీతల చివర వెంట్రుకల్లాంటి తోకలు మొలుస్తాయి. వాటిని నోడ్ టూలుతో చేత్తో సరిచేయాలి, మరో దారి లేదు. చుక్కలున్న బొమ్మను నడిమి దారికి ఇవ్వనే కూడదు. నేనైతే బయటి గీతలను దారి నడకతో, చుక్కల నీడను చెక్కుడు నడకతో వేరువేరు రంగుల్లో పెట్టి పంపమంటాను.

షీటు కాస్ట్ (అచ్చులో పోసి చేసిన) అక్రిలిక్ అయి ఉండాలి, దానిమీద చెక్కితే తెల్లగా పొగమంచులా వస్తుంది. ఎక్స్‌ట్రూడెడ్ (యంత్రంలోంచి ఒత్తి తీసిన) షీటు మీద అంత తెలుపు రాదు. వెనకవైపు చెక్కితే ముందు నున్నగా ఉండి దుమ్ము పట్టదు. అలా చేయిస్తే బొమ్మను పేర్లతో సహా అద్దంలోలా తిప్పి పంపడం మరచిపోకండి.

అడిగినవారి మాట: అరండల్‌పేట డీటీపీ

ముగ్గురికీ కృతజ్ఞతలు. వారం రోజులుగా మీరు చెప్పినట్టే చేస్తున్నాను. పుస్తకానికి ప్లేటు మేకర్ గారి మాట విని ఒకే బిట్ టిఫ్‌లు ఇస్తున్నాను, గోడ బొమ్మలు ఆరూ మాత్రం 600 డీపీఐ నుంచి వెక్టరు చేశాను. ఎరుపు పొర విద్య అద్భుతంగా పనిచేసింది. జేపెగ్ మానేయగానే మసి మచ్చల్లో ఎక్కువ భాగం తమంతట తామే పోయాయి.

మిరప పుష్పచిత్రం మొదటి నకలు తీసి మాస్టారికి చూపిస్తే ఆయన జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూశారు. అయిదు కేసరాలూ ఆకర్షణపత్రాలకు అంటి ఉన్నాయని చెప్పడానికి ఒక్కో కేసరం నుంచి వెనకనున్న రేకుకు ఒక చిన్న గీత ఉంటుందట. నాలుగింటికి ఉంది, అయిదోదానికి తెగింది. థ్రెషోల్డ్‌లో పోయిందేమోనని అసలు కాగితం తీసి చూస్తే అక్కడ ఇంకే రాలిపోయి ఉంది. ఆయన మా కౌంటరు మీదే కూర్చుని తన పెన్నుతో ఆ గీతను కలిపి, మళ్లీ స్కాన్ చేయమన్నారు.

రెండో తప్పు నాది. చిత్రం మధ్యలో అండాశయాన్ని రెండు గదులుగా విడదీసే గీత కాస్త వాలి ఉంది. స్కానరు మీద కాగితం వంకరగా పడిందనుకొని, ఆ గీత తిన్నగా వచ్చేదాకా బొమ్మ మొత్తాన్ని తిప్పాను. మిరప, వంగ, టమాటా కుటుంబంలో అండాశయం ఏటవాలుగానే ఉంటుందని, ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే లక్షణాల్లో అదొకటని ఆయన చెప్పినప్పుడు నా ముఖం చెల్లలేదు. ఇకపై వంకర సరిచేయాలంటే బొమ్మలో దేన్ని ఆధారంగా తీసుకోవాలి?

జవాబు: బ్రాడీపేట బొమ్మల బల్ల

పుష్పచిత్రానికి పైన మాతృ అక్షాన్ని, అంటే పువ్వు పుట్టిన కాండాన్ని, సూచించే చుక్క ఉంటుంది కదా, ఆ చుక్కనూ చిత్రం కేంద్రాన్నీ కలిపే ఊహారేఖ నిలువుగా ఉండేట్టు తిప్పండి. మిగతా బొమ్మలకు లోపలి గీతలను నమ్మకుండా కాగితం అంచునే నమ్మండి. అందుకోసం స్కాన్ చేసేటప్పుడు కాగితం నాలుగు అంచులూ కనిపించేట్టు కొంచెం ఎక్కువ జాగా తీసుకొని, తిప్పడం ముగిశాకే కత్తిరించండి. తిప్పడం కూడా థ్రెషోల్డ్ పెట్టకముందు, బొమ్మ ఇంకా బూడిదరంగులో ఉండగానే చేయాలి. నలుపు తెలుపు చేశాక తిప్పితే గీతల అంచుల్లో మెట్లు పడి, ట్రేస్‌లో అవి అలలుగా తేలతాయి.